చవక దిగుమతి కాంపోనెంట్లు: బోర్డు ఎక్కకముందే నకిలీని ఎలా పట్టుకోవాలి?

సర్క్యూట్_సందేహి

24 వోల్టుల సప్లై మీద నడిచే కంట్రోలర్ బోర్డులు ఇరవై చెయ్యాలి. ఒక్కో బోర్డులో ఉండేవి: 24 నుంచి 5 వోల్టులకు దించే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్, ఒక ఏడీఎస్1115 (వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీ చిప్), నాలుగు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబులు, చిన్న డీసీ మోటారుకు స్విచ్‌గా ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్, ఇన్‌పుట్ దగ్గర 1000 మైక్రోఫారడ్, 35 వోల్టుల ఎలక్ట్రోలిటిక్. అన్నీ ఆన్‌లైన్‌లో దొరికే చవక దిగుమతి సరుకే.

నమూనా బోర్డులో కనిపిస్తున్నవి ఇవి:

– 1 ఆంపియర్ లోడ్‌కే బక్ మాడ్యూల్ మీద వేలు ఆనడం లేదు. 5 వోల్టుల లైన్‌లో రిపుల్ (వోల్టేజీ ఊగిసలాట) 160 మిల్లీవోల్టుల దాకా ఉంది. మాడ్యూల్ మీద కాయిల్ 47 మైక్రోహెన్రీలది.
– ఏడీసీని ప్లస్ మైనస్ 4.096 వోల్టుల రేంజ్‌లో వాడుతుంటే రీడింగ్ ఎప్పుడూ 2 మిల్లీవోల్టుల మెట్లతోనే మారుతోంది.
– మాస్‌ఫెట్ 3 ఆంపియర్లకే కాలిపోయేలా వేడెక్కుతోంది. గేటు నేరుగా మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టుల పిన్‌కు ఉంది.
– రెండు ప్రోబులు మిగతా రెండిటికంటే డిగ్రీన్నర ఎక్కువ చూపిస్తున్నాయి.

నా దగ్గర మల్టీమీటర్, 30 వోల్టులు 5 ఆంపియర్ల బెంచ్ సప్లై, రెండు ఛానెళ్ల స్కోప్ ఉన్నాయి. కాయిళ్లు, కెపాసిటర్లు కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ లేదు. వీటిలో ఏది నకిలీ, ఏది డిజైన్ లోపం? మిగతా సరుకును ఏ క్రమంలో పరీక్షించాలి?

---

రిపుల్‌వేట

ముందు బక్ మాడ్యూల్ సంగతి చూద్దాం, మీరిచ్చిన అంకెల్లోనే జవాబు సగం ఉంది.

అసలు ఎల్‌ఎం2596 స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 150 కిలోహెర్ట్జ్. డేటాషీట్ ప్రకారం ఉష్ణోగ్రతతో కలిపి 110 నుంచి 173 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చవక మాడ్యూళ్లలో చాలావాటి మీద ఈ పేరు ముద్రించిన చిప్ నిజానికి 52 కిలోహెర్ట్జ్ దగ్గర నడిచే పాత ఎల్‌ఎం2576 తరహాది. వోల్టేజీ సరిగ్గానే వస్తుంది కాబట్టి మల్టీమీటర్‌తో చూస్తే తేడా తెలియదు.

లెక్క చూడండి. 24 ఇన్, 5 అవుట్, 47 మైక్రోహెన్రీలు. 150 కిలోహెర్ట్జ్‌లో కాయిల్ కరెంట్ ఊగిసలాట సుమారు 0.56 ఆంపియర్. అదే కాయిల్‌తో 52 కిలోహెర్ట్జ్ అయితే 1.6 ఆంపియర్లు. అవుట్‌పుట్ కెపాసిటర్ ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్స్) 0.1 ఓం అనుకుంటే మొదటిదానికి 56 మిల్లీవోల్టులు, రెండోదానికి 160. మీరు చెప్పిన అంకె రెండోదానికే సరిపోతోంది. పైగా 2 ఆంపియర్ల లోడ్ పెడితే కాయిల్‌లో పీక్ 2.8 దాకా పోతుంది. ఆ చిన్న కాయిల్ అక్కడ శాచురేట్ అయితే, అంటే దాని కోర్ ఇక అయస్కాంతం పట్టలేకపోతే, కరెంట్ ఇంకా నిటారుగా ఎగబాకుతుంది. వేడికి అదీ ఒక కారణమే.

నిర్ధారణకు: 5 ఓంల 10 వాట్ల రెసిస్టర్‌ను లోడ్‌గా పెట్టి 1 ఆంపియర్ తీయండి. స్కోప్ ప్రోబును చిప్ 2వ కాలు మీద పెట్టండి. గ్రౌండ్ 3వ కాలు. లోడ్ లేకుండా కొలవొద్దు, వేవ్‌ఫారం చివర వచ్చే రింగింగ్‌ను స్కోప్ ఫ్రీక్వెన్సీగా లెక్కేసి తప్పుదారి పట్టిస్తుంది. షార్ట్‌కు దగ్గరగా ఓవర్‌లోడ్ చేసి కూడా కొలవొద్దు, అసలు చిప్ కూడా అప్పుడు ఫ్రీక్వెన్సీ తగ్గించుకుంటుంది.

రిపుల్ కొలిచేటప్పుడు ప్రోబుకు ఉండే పొడుగు మొసలి క్లిప్ గ్రౌండ్ వాడకండి. చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టి, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆన్ చేసి, అవుట్‌పుట్ కెపాసిటర్ కాళ్ల మీదే కొలవండి. లేకపోతే మీరు చూసే దాంట్లో సగం యాంటెన్నా పట్టిన చెత్తే.

ఒక్క మాట అసలు చిప్ గురించి కూడా. 3 ఆంపియర్లు అనేది చిప్ స్విచ్ సామర్థ్యం, ఆ బొటనవేలంత బోర్డుది కాదు. 5 వోల్టులు 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. 80 శాతం ఎఫిషియెన్సీ అనుకున్నా రెండున్నర వాట్లు వేడిగా మారతాయి. హీట్‌సింక్ లేని ఆ కాపర్ ముక్క మీద అది ఒరిజినల్‌కైనా బరువే.

---

గేటు_చార్జ్

మాస్‌ఫెట్ విషయంలో ముందే నకిలీ ముద్ర వేయకండి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ లాజిక్ లెవెల్ పార్ట్ కాదు, అంటే మైక్రోకంట్రోలర్ పిన్ వోల్టేజీకి పూర్తిగా తెరుచుకునే రకం కాదు. దాని థ్రెషోల్డ్ (తెరుచుకోవడం మొదలయ్యే గేటు వోల్టేజీ) 2 నుంచి 4 వోల్టులు, అదీ 250 మైక్రోఆంపియర్లు పారడానికి. ఆన్ రెసిస్టెన్స్ 17.5 మిల్లీఓంలు అనే మాట గేటుకు 10 వోల్టులు ఇచ్చినప్పటిది. 3.3 వోల్టులతో అది సగం తెరుచుకున్న కుళాయి, ఎంత ఒరిజినల్ అయినా కాలుతుంది. చవక మాస్‌ఫెట్‌ల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా నాకు తెలిసి ఇదే.

ఇప్పుడు పార్ట్‌ను విడిగా పరీక్షించే పద్ధతి:

1. 9 వోల్టుల బ్యాటరీ, 1.5 వోల్టుల సెల్ సీరీస్‌లో కలిపి గేటుకు ప్లస్, సోర్స్‌కు మైనస్. 10.5 వోల్టులు వస్తాయి, గేటు పరిమితి 20 కాబట్టి భయం లేదు.
2. బెంచ్ సప్లైని 5 వోల్టులు, కరెంట్ లిమిట్ 3 ఆంపియర్లకు పెట్టి డ్రెయిన్‌కు ప్లస్, సోర్స్‌కు మైనస్. గేటు కనెక్ట్ చేశాకే సప్లై ఆన్ చేయండి.
3. మల్టీమీటర్ మొనలు డ్రెయిన్, సోర్స్ కాళ్లు ప్లాస్టిక్‌లోంచి బయటికి వచ్చే మొదట్లోనే పెట్టండి. కరెంట్ తీగలు కాళ్ల చివర ఉండాలి. రెండూ ఒకే క్లిప్ మీద పెడితే కొలిచేది క్లిప్ రెసిస్టెన్స్.

చిప్ చల్లగా ఉన్నప్పుడు 52.5 మిల్లీవోల్టులకు మించకూడదు. 120 వచ్చిందనుకోండి, అది 40 మిల్లీఓంల పార్ట్. అంటే లోపల చిన్న సిలికాన్ ముక్క పెట్టి పైన పెద్ద పేరు కొట్టారు. నకిలీ చేసేవాడు డబ్బు మిగుల్చుకునేది సిలికాన్ వైశాల్యంలోనే, కాబట్టి దాన్ని బయటపెట్టే కొలతే కొలవాలి. థ్రెషోల్డ్ కొలిస్తే చిన్న ముక్క కూడా పాసవుతుంది.

రెండో సాక్ష్యం గేటు కెపాసిటెన్స్. డ్రెయిన్, సోర్స్ కలిపి కట్టి, గేటుకు వాటికి మధ్య మల్టీమీటర్ కెపాసిటెన్స్ రేంజ్‌లో చూడండి. డేటాషీట్‌లోని 1470 పికోఫారడ్లు 25 వోల్టుల దగ్గర కొలిచినవి, సున్నా వోల్టుల దగ్గర అంతకంటే ఎక్కువే రావాలి. 700, 800 చూపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

మీ డిజైన్‌కు మందు: ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తీసుకుని, 5 వోల్టుల మీద టీసీ4427 గేట్ డ్రైవర్‌తో నడపండి. ఆ డ్రైవర్ ఇన్‌పుట్‌కు 2.4 వోల్టులు దాటితే చాలు, కాబట్టి 3.3 పిన్ సరిపోతుంది. 5 వోల్టుల గేటుతో ఈ మాస్‌ఫెట్ గరిష్ఠం 25 మిల్లీఓంలు. పైన చెప్పిన పరీక్షే గేటుకు 5 వోల్టులిచ్చి చేస్తే 3 ఆంపియర్లకు 75 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. మోటారుకు అడ్డంగా డయోడ్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ముందు అది పెట్టండి, 1ఎన్5822 చాలు.

---

బిట్‌లెక్క

ఏడీసీ సంగతికి స్కోప్ కూడా అక్కర్లేదు. ప్లస్ మైనస్ 4.096 రేంజ్‌లో ఏడీఎస్1115 ఒక్క మెట్టు 0.125 మిల్లీవోల్టులు. సరిగ్గా 2 మిల్లీవోల్టుల మెట్టు అంటే 12 బిట్ల ఏడీఎస్1015. రెండూ ఒకే కుటుంబం, కాళ్లు ఒకటే, రిజిస్టర్లు ఒకటే, అడ్రసు కూడా హెక్స్ 48 నుంచే. అందుకే లైబ్రరీ నోరెత్తకుండా పనిచేస్తుంది.

ముడి 16 బిట్ల విలువను ఓ వంద సార్లు ప్రింట్ చేసి చూడండి. చివరి నాలుగు బిట్లు ఎప్పుడూ సున్నాలే అయితే, అంటే ప్రతి విలువా 16తో నిశ్శేషంగా భాగించబడితే, తేలిపోయినట్టే. రెండో తనిఖీ వేగం. డేటా రేట్ బిట్లు డిఫాల్ట్‌లో వదిలేసి సింగిల్ షాట్ కన్వర్షన్ మొదలుపెట్టి, పూర్తయిన బిట్ వచ్చేదాకా మైక్రోసెకన్లు లెక్కపెట్టండి. 1115 అయితే 8 మిల్లీసెకన్లకు అటూ ఇటూ, 1015 అయితే ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఎందుకంటే అవే బిట్లకు మొదటిదానిలో సెకనుకు 128 శాంపిళ్లు, రెండోదానిలో 1600.

ఇదే కోవలో బీఎంఈ280 వాతావరణ సెన్సర్ బదులు బీఎంపీ280 రావడం కూడా మామూలే. తేమ కొలవదు, మిగతాదంతా ఒకటే. హెక్స్ డీ0 రిజిస్టర్ చదివితే బీఎంఈకి హెక్స్ 60, బీఎంపీకి హెక్స్ 58.

డీఎస్18బీ20 దగ్గర కొంచెం ఓపిక కావాలి. వీటికి క్లోన్లు అనేక రకాలున్నాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి కూడా. ముందు రోమ్ కోడ్ (ప్రతి ప్రోబులో ఉండే సీరియల్ నంబరు) చదవండి. అసలువాటిలో 28 తర్వాత నాలుగు బైట్లు మారుతూ ఉండి, తర్వాతి రెండు బైట్లు సున్నాలు, చివర సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ బైట్) ఉండే నమూనా కనిపిస్తుంది. ఆ రెండు బైట్లలో వేరే ఏదో ఉంటే క్లోన్ అనుకోవచ్చు. సున్నాలు ఉన్నంత మాత్రాన ఒరిజినల్ అని మాత్రం ధీమా పడొద్దు, దాన్నీ అనుకరించొచ్చు.

తర్వాత మంచునీటి పరీక్ష. ఐస్‌ను మెత్తగా దంచి, ముక్కల మధ్య ఖాళీ నిండేంత నీళ్లే పోసి, నాలుగు ప్రోబులూ కలిపి రబ్బరు బ్యాండ్ వేసి మధ్యలో ముంచండి, అడుక్కి ఆననివ్వొద్దు. పది నిమిషాలు కలుపుతూ ఉంచాక చూడండి. డేటాషీట్ హామీ మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ. రెండు ప్రోబుల మధ్య డిగ్రీన్నర తేడా ఆ హామీలో ఎలా చూసినా పట్టదు. ఒకటి ప్లస్ వైపు, ఇంకొకటి మైనస్ వైపు అంచున ఉన్నా తేడా ఒక డిగ్రీయే. తేడా స్థిరంగా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో సర్దొచ్చు, కానీ 50 డిగ్రీల దగ్గర ఇంకోసారి చూశాకే.

ఇవి కూడా చూడండి: ప్యారసైట్ పవర్‌లో, అంటే రెండు తీగలతో నడిపితే, చాలా క్లోన్లు 85 అని చూపించి ఊరుకుంటాయి. కాబట్టి మూడు తీగలే వాడండి, 4.7 కిలోఓంల పుల్‌అప్ మరవొద్దు. స్టీలు గొట్టం ప్రోబుల తీగల రంగులు నమ్మొద్దు. ఒకే ప్యాకెట్‌లో పసుపు డేటా అయినది ఒకటి, పవర్ అయినది ఒకటి ఉండొచ్చు. బెంచ్ సప్లైని 20 మిల్లీఆంపియర్ల లిమిట్‌లో పెట్టి మొదటిసారి కనెక్ట్ చేస్తే తిరగేసినా చావదు.

---

ఎండిన_ఎలక్ట్రోలైట్

ఎలక్ట్రోలిటిక్‌లను ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తర్వాత బోర్డును వెనక్కి రప్పించేవి ఇవే. ఎల్‌సీఆర్ మీటర్ లేకున్నా మూడు పరీక్షలు చెయ్యొచ్చు.

విలువ: కెపాసిటర్‌ను పూర్తిగా డిశ్చార్జ్ చేసి, 10 వోల్టుల సప్లై నుంచి 10 కిలోఓంల రెసిస్టర్ ద్వారా చార్జ్ చేయండి. 6.3 వోల్టులు చేరడానికి పట్టిన సెకన్లను వందతో గుణిస్తే మైక్రోఫారడ్లు. 1000 అయితే 10 సెకన్లు. 20 శాతం టాలరెన్స్ కాబట్టి 8 నుంచి 12 సెకన్ల మధ్య పాస్. 5 సెకన్లకే చేరితే అది 470ది, పై తొడుగు మాత్రమే మారింది.

లీకేజీ: 1 కిలోఓం రెసిస్టర్ సీరీస్‌లో పెట్టి 30 వోల్టులివ్వండి. ఎన్నాళ్లో గోదాములో పడి ఉన్న సరుకైతే అరగంట అలాగే వదిలేయండి, లోపలి ఆక్సైడ్ పొర మళ్లీ కుదురుకుంటుంది. తర్వాత రెసిస్టర్ మీద వోల్టేజీ చూడండి. సాధారణ సీరీస్‌లలో చాలావాటికి పరిమితి 0.01 సీవీ (మైక్రోఫారడ్లను వోల్టులతో గుణించినదాంట్లో నూరో వంతు), మీ 35 వోల్టుల పార్ట్‌కు అది 350 మైక్రోఆంపియర్లు, అంటే రెసిస్టర్ మీద 0.35 వోల్టులు. మంచి కెపాసిటర్ దానికి చాలా కిందే ఆగుతుంది. 25 వోల్టులు దాటగానే లీకేజీ ఒక్కసారిగా ఎగిరితే అది 35 వోల్టుల పార్ట్ కాదు. మొదటిసారి ఈ పరీక్ష చేసేటప్పుడు మొహం దూరంగా ఉంచండి.

మూడోది కత్తెర. లాట్‌లో ఒకదాన్ని త్యాగం చేసి డిశ్చార్జ్ చేశాక తొడుగు, డబ్బా కోసి చూడండి. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా దూర్చి అమ్మే రకం ఇక్కడే దొరుకుతుంది. తూకంలో కూడా తెలుస్తుంది. అదే సైజు, అదే విలువ ఉన్న నమ్మకమైన పార్ట్ పక్కన పెట్టి తూచండి.

105 డిగ్రీలు, 2000 గంటలు అన్న ముద్రను పరీక్షించే దారి మన బెంచ్ మీద లేదు. ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అనే సూత్రంతో 65 డిగ్రీల దగ్గర అది 32,000 గంటలు. లోపల ఉన్నది 85 డిగ్రీల సరుకైతే అందులో నాలుగో వంతు. అందుకే బక్ మాడ్యూల్ పక్కన, వేడిలో ఉండే కెపాసిటర్‌ను మాత్రం తెలిసిన కంపెనీది ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ నుంచే తీసుకోండి. పరీక్షించలేని గుణం మీద ఆధారపడాల్సి వస్తే చవక సరుకు పనికిరాదు.

సిరామిక్‌లను మాత్రం తొందరపడి తిట్టకండి. 10 మైక్రోఫారడ్, 6.3 వోల్టుల చిన్న ఎక్స్5ఆర్ రకం సిరామిక్ ముక్క 5 వోల్టుల కింద తన విలువలో సగానికి సగం కోల్పోవడం దాని స్వభావం, ఎంత మంచి కంపెనీదైనా.

---

ఫ్యూజు_పక్షపాతి

పైన చెప్పినవన్నీ 24 వోల్టుల లోకానికి. మెయిన్స్ వైపు ఉండే వస్తువులకు ఈ పరీక్షల ధీమా పెట్టుకోవద్దు. ఎక్స్2, వై1, వై2 తరగతి భద్రతా కెపాసిటర్లు, ఆప్టోకప్లర్లు (వెలుగుతో సిగ్నల్ దాటించేవి), ఎంఓవీలు (వోల్టేజీ పోట్లను మింగేవి), ఫ్యూజులు. వీటిని మనం కొనేది ఎలా పనిచేస్తాయని కాదు, ఎలా చెడిపోతాయని. వై కెపాసిటర్ షార్ట్ అయితే మెటల్ బాడీకి కరెంటొస్తుంది. నీలం బిళ్ల మీద వై1 అని అచ్చు వేయడం ఎవడికైనా చేతనవును, మీటర్‌లో విలువ సరిగ్గానే చూపిస్తుంది.

ఫ్యూజుకు శాంపిల్ పరీక్ష ఒకటుంది. ఫాస్ట్ రకం 1 ఆంపియర్ గాజు ఫ్యూజు 1.5 ఆంపియర్ల దగ్గర గంటసేపు నిలబడాలి, 2.1 దగ్గర అరగంటలోపు తెగాలి. బెంచ్ సప్లైతో చెయ్యొచ్చు. కానీ షార్ట్ సర్క్యూట్‌లో ఆర్క్‌ను ఆపుతుందా, గాజు పగులుతుందా అన్నది దీనితో తేలదు. కాబట్టి కొనే చోటే జాగ్రత్త.

---

సర్క్యూట్_సందేహి

అందరికీ ధన్యవాదాలు. కొలిచాను. బక్ 2వ కాలు మీద 54 కిలోహెర్ట్జ్. ఏడీసీ విలువలన్నీ 16 గుణిజాలే. మాస్‌ఫెట్ 3 ఆంపియర్లకు 49 మిల్లీవోల్టులు, అంటే పార్ట్ మంచిదే, తప్పు గేటుది. మోటారుకు డయోడ్ ఉంది.

రెండు ప్రశ్నలు. బక్ మాడ్యూళ్లు ఇరవై ఐదు చేతిలో ఉన్నాయి, కాయిల్ మార్చి వాడుకోవచ్చా? చిప్‌ల మీద అక్షరాలు చెరిపి మళ్లీ కొట్టారేమో తెలుసుకోవడానికి అసిటోన్ పరీక్ష నమ్మదగిందేనా?

---

రిపుల్‌వేట

లెక్క ప్రకారం కుదురుతుంది. 150 కిలోహెర్ట్జ్‌కు లెక్కించిన రిపుల్ తిరిగి రావాలంటే 47ని దాదాపు మూడింతలు చెయ్యాలి, 135 వస్తుంది, మార్కెట్ విలువ 150 మైక్రోహెన్రీలు. శాచురేషన్ కరెంట్ 2 ఆంపియర్లకు పైన ఉండాలి. అవుట్‌పుట్‌లో 220 బదులు 1000 మైక్రోఫారడ్ లో ఈఎస్‌ఆర్. కానీ ఆ కాయిల్ ఆ బోర్డు మీద పట్టదు. పైగా లోపలి చిప్ ఎవరిదో తెలియనప్పుడు దాని వోల్టేజీ పరిమితి కూడా ఊహే. 24 వోల్టుల తీగను సప్లై ఆన్‌లో ఉండగానే గుచ్చినప్పుడు తీగ ఇండక్టెన్స్, ఇన్‌పుట్‌లోని సిరామిక్‌లు కలిసి 40 దాటించగలవు. నేనైతే వీటిని 12 వోల్టుల ఇన్‌పుట్, అర ఆంపియర్ పనులకు పక్కన పెట్టి, ఈ బోర్డుకు డిస్ట్రిబ్యూటర్ దగ్గర చిప్, కాయిల్ విడిగా కొంటాను. ఏది వాడినా ఇన్‌పుట్‌కు అడ్డంగా ఎస్‌ఎంబీజే24ఏ టీవీఎస్ (వోల్టేజీ పోట్లను అణిచే డయోడ్) పెట్టండి, 38.9 వోల్టుల దగ్గర బిగించి పట్టుకుంటుంది.

---

బిట్‌లెక్క

అసిటోన్ ఒక వైపే నమ్మదగింది. దూదికి నల్లరంగు అంటిందంటే చిప్ పైన పూత పూశారు, సందేహం లేదు. ఏమీ అంటకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు, కరగని పూతలు ఎప్పుడో వచ్చాయి. సిరా అచ్చు ఉన్న పాత చిప్‌లలో అక్షరాలు చెరగడం కూడా నేరం కాదు, చూడాల్సింది నలుపు రంగునే.

అంతకంటే భూతద్దం మేలు. చిప్‌ను వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని పైభాగం, పక్కభాగం గరుకు పోల్చండి. ఒకే అచ్చులోంచి వచ్చినవి కాబట్టి ఒకేలా ఉండాలి. పైన సన్నటి సమాంతర గీతలుంటే గీకారని. 1వ కాలు గుర్తుగా ఉండే గుంట అడుగున మసకగా, పూత నిండి ఉంటే అదే సంగతి. ఒకే లాట్ కోడ్ ఉన్న నాలుగు చిప్‌లలో గుంటల లోతు నాలుగు రకాలుంటే ఇంకా స్పష్టం. రెండు వరుసల కాళ్లుండే డిప్ ప్యాకేజీ కొత్తదైతే కాళ్లు కొంచెం బయటికి విచ్చుకుని ఉంటాయి. నిటారుగా, మెరిసే కొత్త టంకం పూతతో ఉంటే పాత బోర్డు నుంచి పీకినవి.

క్లోన్‌ను నకిలీతో కలపకండి. సొంత పేరుతో వచ్చే యూఎస్‌బీ సీరియల్ చిప్ సీహెచ్340 చవకదే, కానీ అబద్ధం చెప్పడం లేదు. అదే పని చేసే ఎఫ్‌టీ232 పేరును అబద్ధంగా కొట్టుకున్న చిప్ వేరు. 2014లో విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన డ్రైవర్ అలాంటివాటి ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసి మూలన పడేసింది. మీ బోర్డులో యూఎస్‌బీ సీరియల్ ఉంటే సీహెచ్340 అని రాసి ఉన్నదే తీసుకోండి.